ప అంటే పసుపా, పచ్చా?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో కుట్టు పని సంఘాల తరఫున ఒక సంఘ లీడరు చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దున్నుంచి పొదుపుల లెక్క విన్నాం. బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, రికవరీ, గ్రేడింగు అన్నీ విన్నాం. ఇప్పుడు మేము రంగుల పేర్ల గురించి మాట్లాడతాం అంటే కొందరు అక్కలు నవ్వుతున్నారు. నవ్వండి, మంచిదే. కానీ ఒక్క మాట. కుట్టు మిషన్ల కోసం తీసుకున్న అప్పు కిస్తీ కట్టాలంటే కుట్టిన సరుకు అమ్ముడు పోవాలి. సరుకు పోవాలంటే అడిగిన రంగు, ఇచ్చిన రంగు ఒకటే కావాలి. అందుకని రంగు పేరు చీటీ మీద ఎట్లా రాస్తున్నాం అన్నది కూడా రికవరీ సంగతే. మాకు చదువు పదో తరగతి వరకే. పెద్ద మాటలు రావు. పని చేస్తూ తెలుసుకున్నది చెప్తాం.

మన సంఘాల్లో కుట్టు పని నాలుగు రకాలుగా ఉంది. ఒకటి, బడిపిల్లల యూనిఫాంలు. 2024లో మన రాష్ట్రంలో ఈ పని మహిళా సంఘాలకు ఇచ్చారు. ఇందులో రంగు గొడవ లేదు. గుడ్డ పైనుంచే వస్తది, కొలతలు, కుట్టు మన బాధ్యత. రెండు, జాకెట్లు, మగ్గం వర్కు. మూడు, చేతిసంచులు, దిండు గలీబులు, తలుపు తోరణాలు. నాలుగు, శ్రీరామనవమికి, ముక్కోటికి భద్రాచలం వచ్చే యాత్రికులకు అమ్మే చిన్న చిన్న సంచులు, పర్సులు. ఈ చివరి మూడింటిలో రంగే సగం పని. దారం మనమే కొనాలి, గుడ్డ మనమే ఏరాలి, ఏ రంగు పక్కన ఏది పెట్టాలో మనమే చూసుకోవాలి.

ఈ పనికి ఆర్డర్లు ఎట్లా వస్తాయో మీకు తెలుసు. సగం నోటి మాట, సగం చిన్న చీటీ. చీటీ మీద రంగు పేరు పూర్తిగా రాసే ఓపిక ఎవరికీ ఉండదు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం గీసి ఇస్తారు. రెండేళ్ల కిందట బయటి ఊరి వ్యాపారి ఒకాయన మా సంఘానికి చేతిసంచుల ఆర్డరు ఇచ్చాడు. చీటీ మీద "బీ 40, జీ 30, ఎం 30" అని మాత్రమే ఉంది. ఫోన్ చేసి అడిగితే "అర్థమవుతది గదమ్మా, గుడ్డ మీ దగ్గరే ఉంది" అని పెట్టేశాడు. జీ అంటే గ్రీన్ గదా అని ఆకుపచ్చ కుట్టి పంపించాం. సరుకు చూసి ఆయన, జీ అంటే గ్రే అన్నాడు. డెబ్భై సంచులకు డబ్బులిచ్చి ముప్పై తిప్పి పంపించాడు. ఆ ముప్పై సంచులను ఒక్కొక్కటిగా సంతలో తక్కువకు అమ్ముకున్నాం. చీటీలో లేని మాటకు కూలి మా చేతి నుంచి పోయింది. ఆయనతో వాదించాలన్నా మా చేతిలో రుజువు లేదు. చీటీ మీద ఉన్న ఒక్క అక్షరం ఆయనకూ సాక్ష్యమే, మాకూ సాక్ష్యమే.

ఆ తరువాత మేము సంఘం మీటింగులో కూర్చొని మ్యాచింగ్ సెంటరులో వాడే పేర్లన్నీ ఇంగ్లీషు మొదటి అక్షరం ప్రకారం రాసి చూశాం. బీ కింద బ్లాక్, బ్లూ, బ్రౌన్, బీజ్, బాటిల్ గ్రీన్, బేబీ పింక్ వచ్చినాయి. ఆర్ కింద రెడ్, రాణి, రామా గ్రీన్, రాయల్ బ్లూ, రస్ట్. ఎం కింద మెరూన్, మస్టర్డ్, మెజెంటా, మెహందీ గ్రీన్. పీ కింద పింక్, పర్పుల్, పీచ్, ప్యారట్ గ్రీన్, పీకాక్ బ్లూ. ఒక్క ఆర్ అక్షరం కింద ఎరుపు ఉంది, గులాబి ఉంది, పచ్చ ఉంది, నీలం ఉంది, తుప్పు రంగు ఉంది. ఒక్క అక్షరం చాలు అనుకున్న పద్ధతి ఎంత లొసుగో అప్పుడు కళ్లకు కట్టింది.

బడిలో ఇంద్రధనుస్సు రంగులకు విబ్జియార్ అని నేర్పించారు, గుర్తుందా? అక్కడ ఏడు రంగులు, ఏడు వేరు వేరు అక్షరాలు. కాబట్టి ఒక్క అక్షరం సరిపోయింది. మన దారాల డబ్బాలో ఏడు రంగులు కాదు, యాభై అరవై ఉంటాయి. ఏడింటి లెక్క అరవైకి పెడితే కుదరదు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు, పెద్ద పెద్ద పనుల్లోనూ వచ్చింది. వాళ్లు దాన్ని దాటిన తీరు తెలుసుకుంటే మనకూ దారి దొరుకుతది. మా సభ్యురాలి కొడుకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతున్నాడు. వాణ్ని అడిగితే పుస్తకం తెచ్చి చూపించాడు. కరెంటు తీగల రంగులకు అంతర్జాతీయంగా రెండేసి అక్షరాల గుర్తులు పెట్టుకున్నారు. నలుపుకు బీకే, గోధుమ రంగుకు బీఎన్, నీలానికి బీయూ. ఆకుపచ్చకు జీఎన్, బూడిదకు జీవై. మొదటి అక్షరం కలిసినా రెండో అక్షరం దగ్గర విడిపోతాయి. మన పొలం మోటారు స్టార్టరు పెట్టెలో ఆర్, వై, బీ అని మూడు ఫేజులు ఉంటాయి గదా, అక్కడ బీ అంటే బ్లూ. నల్ల తీగ న్యూట్రల్, దాన్ని బ్లాక్ అని బీ రాయరు, న్యూట్రల్ అని ఎన్ రాస్తారు. అక్కడ బీ అంటే నలుపేమో అనుకొని చెయ్యి పెడితే ప్రాణం పోతది. మన దగ్గర కూలి పోతది, అంతే తేడా.

ఇంకోటి, మన సభలకు బ్యానర్లు వేసే ఫ్లెక్సీ షాపు. ఆ మిషనులో సీ, ఎం, వై, కే అని నాలుగు రంగులు ఉంటాయి. సీ అంటే ఆకాశ నీలం లాంటి సియాన్, ఎం మెజెంటా, వై పసుపు. మరి నలుపుకు కే ఎందుకు అని అడిగాం. కే అంటే కీ, అంటే ముఖ్యమైన ప్లేటు. అచ్చు వేసేటప్పుడు నల్ల ప్లేటును ఆధారం చేసుకొని మిగతా రంగులు సరిగ్గా కూర్చోబెట్టేవాళ్లు, అందుకని దానికి ఆ పేరు వచ్చింది. బీ రాయకపోవడం వల్ల నీలమా నలుపా అన్న అనుమానం కూడా పోయింది. అంటే గుర్తు పెట్టుకోవడానికి రంగు పేరే కావాలని లేదు, ఆ రంగు చేసే పని పేరు కూడా పనికొస్తది.

మన ఊళ్లల్లోనూ ఈ తెలివి ముందు నుంచే ఉంది. అడవిలో నల్లజీడి కాయ మీరందరూ చూసిందే. దాని రసంతో రజక కుటుంబాల వాళ్లు బట్టల మూలన గుర్తులు పెట్టేవాళ్లు. ఎన్నిసార్లు ఉతికినా పోదు. ఆ చాకలి గుర్తులో చాలా చోట్ల అక్షరం ఉండదు. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఒక ఇంటికి అడ్డగీత, ఒక ఇంటికి చుక్క కింద గీత. ఊరందరి బట్టలు ఒక్క రేవులో కలిసినా ఎవరి మూట వాళ్లకు చేరేది. గుర్తు ఎవరు పెట్టారో వాళ్లకే పని మీద పట్టు ఉంటది. ఇది మేము నేర్చుకున్న మొదటి పాఠం. వ్యాపారి రాసిన అక్షరంతో మనం పని చేస్తే పట్టు ఆయన చేతిలో ఉంటది. మన అక్షరంతో మనం రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకుంటే పట్టు మన దగ్గర ఉంటది.

అందుకని ఆర్డరు పుస్తకం తెలుగులో రాయడం మొదలుపెట్టాం. రాయడం మొదలుపెట్టాక తెలుగు అక్షరంలో ఉన్న బలం తెలిసింది. ఇంగ్లీషులో ఎన్ అని ఒక్క అక్షరం రాస్తే ఒక్క ఎన్నే. మన న అట్లా కాదు, దానికి గుణింతం ఉంది. న అంటే నలుపు. నా అంటే నారింజ. నీ అంటే నీలం. నె అంటే నెమలికంఠం. నే అంటే నేరేడుపండు. ఐదు రంగులూ న తోనే మొదలవుతాయి, అయినా గుణింతం పెట్టి రాస్తే ఐదూ వేరు. త తీసుకోండి. తంగేడు పువ్వు రంగు తం, తామర రంగు తా, తుప్పు రంగు తు, తెలుపు తె, తేనె రంగు తే. దీర్ఘాలూ, కొమ్ములూ, ఏత్వాలూ మనకు ఊరికే వచ్చిన రెండో అక్షరం లాంటివి.

అయితే ఇక్కడా రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది చేతిరాత. నె, నే పక్కపక్కన పెట్టి చూడండి, తొందరలో రాస్తే ఒక్కలాగే కనబడతాయి. ప, వ కూడా అంతే. ప రాసి తలకట్టు దగ్గర కాస్త కలిపేస్తే అది వంకాయ రంగు వ అయిపోతది. రెండో చిక్కు ఇంకా పెద్దది. అదే మా మాటకు పెట్టుకున్న పేరు. ప అంటే పసుపా, పచ్చా?

ఒక్కసారి ఆలోచించండి. గుడ్డులో పచ్చసొన అంటాం, అది పసుపు రంగు. పచ్చకామెర్లు అంటాం, అదీ పసుపే. పచ్చగడ్డి అంటాం, అది ఆకు రంగు. పచ్చజెండా ఊపారు అంటాం, అదీ ఆకు రంగే. పచ్చబొట్టు మళ్లీ వేరు. మన భాషలో పచ్చ అన్న ఒక్క మాట రెండు రంగులకు పనిచేస్తది. మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు, ఎదురుగా వస్తువు ఉంటది. చీటీ మీద వస్తువు ఉండదు. "పచ్చ దారం పది ఉండలు" అని రాస్తే కొట్టు ఆయన ఏది ఇచ్చినా తప్పనలేం. మన పెద్దలకు ఇది తెలుసు కాబట్టే ముందు ఒక మాట చేర్చారు. ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ. ఆ ముందు మాటే అసలు గుర్తు. అందుకని మా పుస్తకంలో ఉత్త పచ్చ అన్న మాట ఎక్కడా రాయకూడదని తీర్మానం చేసుకున్నాం. ఆకుపచ్చ అయితే ఆకు, చిలకపచ్చ అయితే చిల, పసుపు అయితే పసు.

ఇట్లా చిన్నగా ఒక రంగుల రిజిస్టరు తయారైంది. ఎట్లా రాస్తున్నామో చెప్తాం, మీ సంఘాల్లోనూ పనికొస్తది.

మామూలు రూళ్ల నోటు బుక్కులో ఒక్కో రంగుకు ఒక్కో వరుస. ఎడమ పక్కన ఆ రంగు దారం జానెడు ముక్క, చిన్న గుడ్డ ముక్క కుట్టేస్తాం. గమ్ముతో అంటించం, గమ్ము అంటిన చోట రంగు ముదురు అవుతది. దాని పక్కన మనం పిలిచే పేరు పూర్తిగా. దాని పక్కన రెండు అక్షరాల గుర్తు. తరువాత మ్యాచింగ్ సెంటరులో దాన్ని ఏమంటారో ఆ పేరు. చివర్లో దారం ఉండ చీటీ మీద ఉండే షేడ్ నంబరు, లాట్ నంబరు. ఒకే షేడ్ నంబరు అయినా లాట్ మారితే రంగులో కాస్త తేడా వస్తది. సగం పనిలో దారం అయిపోతే అదే లాట్ దారం అడగాలి.

గుర్తులకు నాలుగు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, మొదటి రెండు అక్షరాలు గుణింతంతో సహా రాయాలి. నేరే, నెమ, నలు, నారిం. రెండు, రెండు అక్షరాలు కూడా కలిస్తే పూర్తి పేరు రాయాలి. చింతచిగురు రంగు లేత ఆకు రంగు, చింతపిక్క రంగు గోధుమ నలుపు. రెండింటికీ చింత అనే వస్తది, కాబట్టి పూర్తిగా రాయాల్సిందే. మూడు, లేత, ముదురు అన్నవి రంగు పేరుకు ముందు లే, ము అని రాయాలి. లే.నీలం, ము.నీలం. నాలుగు, రంగు చూసి ఒప్పుకోవడం పగటి వెలుగులో బయట జరగాలి. ట్యూబులైటు కింద నేరేడు రంగు, ముదురు నీలం ఒకటిగా కనబడతాయి. ఆర్డరు ఇచ్చేవాళ్లు రిజిస్టరులో దారం ముక్క మీద వేలు పెట్టి, చీటీ మీద మన గుర్తు రాసి, సంతకం చేయాలి.

ఈ రిజిస్టరు రాసేటప్పుడు మేము అనుకోని మేలు ఒకటి జరిగింది. మా సంఘంలో ఇద్దరు పెద్దమ్మలు ఉన్నారు. వాళ్లకు సంతకం తప్ప అక్షరాలు రావు. కానీ రంగుల పేర్లు వాళ్లకు వచ్చినన్ని మాకు రావు. మేము గ్రే అన్నదాన్ని వాళ్లు గచ్చకాయ రంగు అన్నారు. మేము వైన్ కలర్ అన్నదాన్ని బచ్చలిపండు అన్నారు. పీకాక్ బ్లూ, టర్కాయిస్ అని మేము తడబడుతుంటే ఇది నెమలికంఠం, అది పాలపిట్ట రెక్క అని తేల్చి చెప్పారు. పాలపిట్ట మన తెలంగాణ రాష్ట్ర పక్షి, తంగేడు రాష్ట్ర పుష్పం అని బడిలో పిల్లలు బట్టీ పడతారు. ఆ పిట్ట రెక్క విప్పితే ఏ నీలం కనబడుతదో పెద్దమ్మలకు తెలుసు. ఇంకా కొన్ని పేర్లు మా అడవిని బట్టి మేమే పెట్టుకున్నాం. లేత మీగడ రంగుకు ఇప్పపువ్వు, పసుపు కలిసిన నారింజకు తునికిపండు, ఎర్ర నారింజకు మోదుగ. వాళ్లు పేరు చెప్తుంటే మా చిన్న సభ్యురాళ్లు రాశారు. రాస్తుంటే పెద్దమ్మలు చూస్తూ కూర్చున్నారు. నల్ల దారం పక్కన న, నీలం దారం పక్కన నీ. రోజూ చూసేసరికి అక్షరాలు గుర్తుపట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు చీటీ చూసి దారం డబ్బా తీసి ఇచ్చే పని వాళ్లే చేస్తున్నారు. చదివినవాళ్లకు పేర్లు వచ్చినాయి, పేర్లు వచ్చినవాళ్లకు చదువు వచ్చింది.

ఇక డిజైను సంగతి. రిజిస్టరులో రంగులను అక్షరాల వరుసలో పెట్టాం కదా, ఒక్కో అక్షరం కింద ఉన్న రంగులన్నీ పక్కపక్కన కనబడతాయి. వాటిని చూసి ఒక ఆలోచన వచ్చింది. ఒక్కో సంచికి ఒక్కో అక్షరం రంగులే వాడితే ఎట్లా ఉంటది అని. కుట్టి చూశాం. కొన్ని కుదిరినాయి, కొన్ని ఎందుకు కుదరవో తెలిసింది. అది కూడా చెప్తాం.

న వరుస సంచి. నలుపు, నీలం, నారింజ, నేరేడు, నెమలికంఠం. ఇందులో నీలం, నారింజ ఒకదానికొకటి ఎదురు రంగులు. పక్కపక్కన పెడితే రెండూ ఎక్కువగా మెరుస్తాయి. సమానంగా పెడితే కళ్లు గుంజుతాయి. అందుకని నీలం ఎక్కువ, నారింజ అంచుకు సన్నగా మాత్రమే. నలుపు గుడ్డ మీద పెడితే అన్నీ నిలబడతాయి. నేరేడు నలుపు మీద కలిసిపోతది, దాన్ని నీలం మీద పెట్టాలి.

క వరుస. కుంకుమ, కనకాంబరం, కాషాయం, కాటుక. మొదటి మూడూ చుట్టాల లాంటి రంగులు. దగ్గర నుంచి చూస్తే వేరు, పది అడుగుల దూరం నుంచి చూస్తే ఒక్కటే. యాత్రికులు కొట్టు ముందు నుంచి నడుస్తూ చూస్తారు, ఆగి చూడరు. అందుకని వాటి మధ్య కాటుక నలుపు గీత కుట్టాలి. అప్పుడు మూడూ విడివిడిగా కనబడతాయి.

గ వరుస. గంధం, గోధుమ, గచ్చకాయ, గులాబి. ఇవి మెత్తని రంగులు. మూడు వంతులు గంధం, గోధుమ పెట్టి, గులాబి ఒక్క పువ్వుకు పెడితే ఆ పువ్వే కనబడతది. దిండు గలీబులకు ఇది బాగా కుదిరింది.

ప వరుస మాత్రం అక్షరం చూసి చేయలేం. పసుపు, పాలపిట్ట, పారాణి అని రాసుకున్నాం. ఇక్కడ పెద్దమ్మ ఒకామె అడ్డం పడింది. వంటింటి పసుపుతో అద్దిన గుడ్డ సబ్బు తగిలితే ఏమయితదో తెలుసా అని అడిగింది. ఎర్రబడతది. పసుపులో సున్నం కలిపితేనే గదా పారాణి అయ్యేది! పసుపు, పారాణి రెండూ ప తోనే మొదలు, ఒకటి ఇంకోటిగా మారిపోయేది కూడా. పైగా వంటింటి పసుపు ఎండకు వెలిసిపోతది. అందుకని ఉతికే సరుకు మీద వంటింటి పసుపు అద్దకం వద్దు, రంగు పోని పసుపు దారం వాడదాం అని తేల్చాం. అక్షరం వరుస చూపిస్తది, కానీ ఏది ఎంత, దేని పక్కన ఏది అన్నది చెయ్యి, కన్ను తేల్చాలి.

అడవి రంగులతో అద్దకం చేద్దాం అనుకునే సంఘాలకు ఇంకో మాట. వస్తువు పేరు, రంగు పేరు ఒకటి కాదు. కరక్కాయ క తో మొదలవుతది, కానీ అది ఇచ్చేది పసుపు. అదే కరక్కాయ పట్టించిన గుడ్డకు ఇనుము నీళ్లు తగిలితే నలుపు వస్తది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు బెల్లం, పాత ఇనుము నీళ్లలో నానబెట్టి ఆ నీళ్లతోనే నల్ల గీతలు గీస్తారు. మన హోలీకి మోదుగపూలు మరిగించిన నీళ్లు నారింజ పసుపు. అందుకని అద్దకం రిజిస్టరులో రెండు గళ్లు వేరుగా ఉండాలి. ఒకటి ఏ చెట్టు, ఇంకోటి ఏ రంగు. చెట్టు పేరు రాసే చోట రంగు గుర్తు రాస్తే మళ్లీ మొదటికే వస్తాం.

రంగులు ఎక్కువ ఉంటేనే డిజైను అనుకోవద్దు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో ముఖ్యంగా ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే. మన భద్రాచలంలోనే చూడండి. అన్ని చోట్ల పెళ్లి తలంబ్రాలు పసుపుగా ఉంటాయి. రామయ్య కల్యాణంలో గులాల్ కలుపుతారు కాబట్టి ఎర్రగా ఉంటాయి. ఆ ఒక్క రంగు తేడాతోనే చూడంగానే ఇవి భద్రాచలం తలంబ్రాలు అని ఎవరైనా గుర్తుపడతారు. పర్ణశాలలో సీతమ్మ వాగు దగ్గర పసుపు, కుంకుమ రాళ్లు అని చూపిస్తారు, వచ్చినవాళ్లు ఆ కథ విని వెళ్తారు. మన సంచి కొన్నామెకు కూడా ఇది తునికిపండు రంగు, ఇది ఇప్పపువ్వు రంగు అని చెప్పగలిగితే ఆమె రంగుతో పాటు మన ఊరిని తీసుకుపోతది. ఇప్పుడు మా ప్రతి సంచి లోపల చిన్న చీటీ కుడుతున్నాం. దాని మీద ఏ అక్షరం వరుస, ఏ ఏ రంగులు అని తెలుగులో ఉంటది. పిల్లలున్న వాళ్లు ఆ చీటీ చూసి ముచ్చటపడి కొంటున్నారు, పిల్లలకు అక్షరాలు చెప్పొచ్చు అంటున్నారు.

ఈ రిజిస్టరు పెట్టినాక సరుకు తిప్పి పంపడం ఆగిపోయింది అని మేము గొప్పలు చెప్పం. వ్యాపారులు వ్యాపారులే. అయితే తేడా ఏమంటే, ఇప్పుడు రంగు తప్పు అంటే రిజిస్టరు తీసి దారం ముక్క చూపిస్తాం, చీటీ మీద సంతకం చూపిస్తాం. మాట అక్కడితో ఆగిపోతది. సంతకం పెట్టనన్న ఆర్డరు మేము తీసుకోవడం లేదు. రెండు ఆర్డర్లు అట్లా పోయినాయి కూడా. పోనీ అనుకున్నాం. కూలి దొరకని పని కన్నా ఖాళీగా ఉండటమే నయం.

ఈ మహాసభలో మేము అడిగేవి మూడు. ఒకటి, కుట్టు పని చేసే సంఘాలన్నిటికీ ఒకే రకం ఆర్డరు చీటీ మండల సమాఖ్య అచ్చు వేయించి ఇవ్వాలి. అందులో రంగు గడి తెలుగులో ఉండాలి, ఆర్డరు ఇచ్చేవాళ్ల సంతకం గడి ఉండాలి. రెండు, ప్రతి గ్రామ సమాఖ్యలో ఒక రంగుల రిజిస్టరు ఉండాలి. గోదావరి ఈ ఒడ్డున ఒక పేరు, ఆ ఒడ్డున ఒక పేరు ఉంటే రెండూ రాయాలి. 2014లో కూనవరం, చింతూరు, వీఆర్ పురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయినాయి, కానీ అక్కడి అక్కచెల్లెళ్లతో మన ఇచ్చిపుచ్చుకోవడం పోలేదు. వాళ్ల పేర్లు కూడా మనకు కావాలి. కోయ భాషలో రంగులకు ఉన్న పేర్లు ఆ భాష మాట్లాడే సభ్యురాళ్లే చెప్పి రాయించాలి. మూడు, రిజిస్టరు ప్రకారం కుట్టిన సరుకును రంగు సాకుతో తిప్పి పంపితే కూలి మాత్రం ఇవ్వాలి అన్న మాట ఆర్డరు చీటీ కింద రాసి ఉండాలి.

వచ్చే నెల మీటింగుకు వచ్చేటప్పుడు ప్రతి సంఘం నుంచి ఒక్క దారం ముక్క, ఆ రంగుకు మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఒక్క పేరు తీసుకురండి. పేరు చెప్పిన పెద్దమ్మను కూడా వెంట తీసుకొస్తే ఇంకా మంచిది. మా రిజిస్టరు తెచ్చి ఇక్కడ బల్ల మీద పెడతాం. అందరం కలిసి రాద్దాం.